ఆయిల్ లైటు వెలగాలి

"లైటు వెలగట్లేదండీ."

"వెలగకపోతే మంచిదేగా!"

మెకానిక్ ఈ మాట తలెత్తకుండా అన్నాడు. తలెత్తి ఉంటే అనేవాడు కాదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి ముఖం చూశాక ఎంతటివాడైనా నోరు కాస్త అదుపులో పెట్టుకుంటాడు.

"మొన్న మా వ్యాన్‌కి ఆయిల్ సెన్సర్ బిగించింది మీరేనా?"

"నేనే. ఇంకా ఆయిల్ కారుతోందా?"

"కారట్లేదు."

"మరి ఆయిల్ కారక, ఎర్ర లైటు వెలగక, ఇంకేం కావాలండీ? నాకు సన్మానం చేద్దామని వచ్చారా?"

"చేస్తాను. ముందు ఇలా రండి."

ఆమె వ్యాన్ ఎక్కి తాళం సగం వరకు తిప్పింది. "ఇంజన్ ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. లోపల ఆయిల్ ప్రెషర్ ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఎర్ర లైటు ఇప్పుడు వెలగాలా, వద్దా?"

మెకానిక్ వంగి డాష్‌బోర్డు వైపు చూశాడు. వెలగాలి. ఇంజన్ తిరిగి ప్రెషర్ అందుకున్నాకే ఆరిపోవాలి. ఎప్పుడూ వెలగని లైటు అంతా బాగుందని చెప్తున్నట్టు కాదు, అసలు మాట్లాడటమే మానేసినట్టు.

"బల్బు పోయిందేమో," అన్నాడు, మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

"చూశాను. సెన్సర్ వైరు పీకి ఇంజన్‌కి తాకిస్తే చక్కగా వెలుగుతోంది. మీరు సెన్సర్ మరల మీద అంత టేపు చుట్టి దానికి దుప్పటి కప్పేశారు. సెన్సర్ ఇంజన్‌కి తగలకపోతే ఇంక ఎర్త్ ఎలా వస్తుంది?"

"మీరేం చేస్తుంటారండీ?"

"మోటార్లకి వైండింగ్. ఈ వీధి చివర షాపు నాదే."

ఆ షాపు ముందు నుంచే అతను రోజూ వెళ్తాడు. లోపల రాగి తీగ చుట్టల మధ్య ఎవరో తల వంచుకుని పని చేస్తుంటారని తెలుసు. ఆ తల పైకెత్తితే ఇంత అందంగా ఉంటుందని, ఇంతగా పోట్లాడుతుందని మాత్రం తెలియదు.

సరే, సెన్సర్ విప్పి టేపంతా గీకేసి మళ్ళీ బిగించాడు. తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది. ఆమె గెలిచినట్టు నవ్వింది. ఇంజన్ స్టార్ట్ చేశాడు. లైటు ఆరింది. వెంటనే సెన్సర్ పక్కనుంచి నల్లటి చుక్క ఒకటి జారింది, దాని వెనకే ఇంకోటి. ఈసారి నవ్వడం అతని వంతు.

"చూశారా? టేపు ఊరికే చుట్టలేదు. సెన్సర్ కూర్చునే కన్నంలో మర అరిగిపోయింది. ఈ సెన్సర్ కొన దగ్గర సన్నంగా ఉండి పైకి వచ్చేకొద్దీ లావవుతుంది. సగంలోనే గట్టిగా పట్టేస్తుంది, కొన్ని మరలు బయటే ఉండిపోవాలి. ఎవడో మహానుభావుడు మొత్తం లోపలికి పోవాలని పానాతో కుస్తీ పట్టాడు."

టేపు ఉంటే లైటు లేదు, టేపు తీస్తే ఆయిల్ ఆగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మళ్ళీ టేపు చుట్టేస్తాను లెండి," అన్నాడు. "లైటు లేకపోయినా పర్లేదు. ఆయిల్ తగ్గితే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. ఎవరికైనా వినపడుతుంది."

అంతసేపు మాటకి మాట అప్పజెప్పిన అమ్మాయి ఈసారి ఇంజన్ ఆపి తాళాలు చేతిలోకి తీసుకుంది.

"మా నాన్నకి వినపడదు," అంది. "జబ్బు చేసి చెవులు పోయాయి. ఫంక్షన్లకి కుర్చీలు అద్దెకిస్తారు, ఈ వ్యాన్ నడిపేది ఆయనే. అద్దాలూ లైట్లూ చూసుకుంటూ నాకంటే జాగ్రత్తగా నడుపుతారు. కానీ ఈ లైటుని నమ్మలేనప్పుడు ఆయన్ని రోడ్డు మీదకి ఎలా పంపను? తాళాలు లాక్కున్నాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేశారు."

మెకానిక్‌కి ఇందాకటి నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. చేతిలో టేపు చుట్టని డబ్బాలో పడేశాడు.

"ఒక దారుంది. కన్నాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో ఇనప బుష్, అంటే మరలున్న చిన్న గొట్టం, ఎక్కించాలి. సెన్సర్ ఆ బుష్‌లో కూర్చుంటుంది. టేపు అక్కర్లేదు. కాకపోతే ఇంజన్ పై కేసు పాత అల్యూమినియం, కోసేటప్పుడు పగిలిందంటే ఇంజన్ పోయినట్టే."

"ఇంజన్ పోతే నాన్న ఇంక నడపరు. ఇంకో బండి మీద ఆయనకి నమ్మకం కుదరదు." ఆమె అతని చేతుల వైపు చూసింది. "మీరు చెయ్యగలరా?"

"చెయ్యగలనంటే గొప్పలు పోయినట్టు. చెయ్యలేనంటే మీరు వెళ్ళిపోతారు."

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. తాళాలు మాత్రం అతని చేతిలో పెట్టింది.

మర కోసే ట్యాప్ ఆ సైజుది ఊళ్ళో దొరకలేదు, బయటి నుంచి రావాలి. అది వచ్చేదాకా ఆమె రోజూ సాయంత్రం షెడ్డుకి వచ్చేది.

"వచ్చిందా?"

"రాలేదు."

ఇంత ముక్క ఫోన్‌లో అడగొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు. ఒకరోజు వాన పట్టుకుని రేకుల మీద దంచేసింది. గొడుగుండి కూడా "తగ్గాక వెళ్తాలెండి" అని టైరు మీద కూర్చుంది. ఇంకోరోజు అతని గ్రైండర్ కాలిపోతే తీసుకెళ్ళి కొత్తగా చుట్టి తెచ్చింది. అది చేతిలోకి తీసుకుంటూ "నువ్వు చుట్టావా?" అనేశాడు, మీరు అనడం మర్చిపోయి.

"లేదు, నీ కోసం మనుషుల్ని పెట్టి చుట్టించాను," అంది ఆమె. మీరు అనేది ఆ రోజుతో పోయింది.

ట్యాప్ వచ్చిన రోజు అతనికి కాస్త దిగులేసింది. పార్సిల్ వచ్చినందుకు దిగులు పడ్డ మెకానిక్ లోకంలో అతనొక్కడేనేమో.

మర్నాడు పొద్దున్నే ఆమె నాన్న కూడా దిగాడు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. కూతురి వైపు చూడకుండా మెకానిక్‌తో, "బాబూ, ఆవిడగారికి చెప్పు, బండి బాగైతే తాళాలు నాకే ఇవ్వాలని!" అన్నాడు.

"ఆయనకి చెప్పు, లైటు వెలిగితేనే అని," అంది ఆమె.

"మీ ఇద్దరి మధ్యా నన్నెందుకండీ నలిపేస్తారు," అంటూ మెకానిక్ బానెట్ ఎత్తాడు.

ఆమె టార్చి పట్టుకుంది. లోహం పొడి లోపల పడకుండా ట్యాప్‌కి గ్రీజు పూసి, అతను కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పుతూ కోయడం మొదలుపెట్టాడు.

"చేతులు వణుకుతున్నాయేంటి?"

"నువ్వింత దగ్గరగా చూస్తుంటే ఎవడి చేతులైనా వణుకుతాయి."

"అయితే అటు తిరుగుతాను."

"వద్దు. తిరిగితే ఇంకా వణుకుతాయి."

సగంలో కేసు కిర్రుమంది. నాన్నకి ఆ చప్పుడు వినపడకపోయినా కూతురి ముఖం చూసి ఆయన ముఖమూ పాలిపోయింది. మెకానిక్ మెల్లగా వెనక్కి తిప్పి, పొడి తుడిచి, వేలితో అంచు తడిమాడు. పగుల్లేదు. మళ్ళీ మొదలుపెట్టాడు.

బుష్ ఎక్కింది. సెన్సర్ మరలకి ఆయిల్ కారకుండా పల్చగా పేస్టు రాసి తిప్పితే సగంలో గట్టిగా పట్టింది. ఇంకొక్క తిప్పు తిప్పేయమని చెయ్యి ఒకటే లాగింది. తిప్పలేదు. పానా పక్కన పెట్టేశాడు.

ఆమె తాళం తిప్పింది. ఎర్ర లైటు నిండుగా వెలిగింది. నాన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. స్టార్ట్ చేస్తే ఇంజన్ షెడ్డు రేకులదిరేలా మోగింది, లైటు ఆరిపోయింది. నాన్న వచ్చి బండి అంచు మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురు తెలుసుకుంటూ నిలబడ్డాడు.

ఆమె వ్యాన్ కిందకి దూరి చాలాసేపు చూసింది. ఒక్క చుక్క లేదు. బుగ్గ మీద నల్లటి మరకతో పైకి లేచి అతన్ని చూసి నవ్వింది. అంత హాయిగా నవ్వడం అతనెప్పుడూ చూడలేదు. రేపట్నుంచి ఆమె ఇటు రావడానికి ఏ పనీ లేదన్న సంగతి అప్పుడే గుండెలో గుచ్చుకుంది. ఈ హోరులో అంటే అన్నట్టూ ఉంటుంది, అననట్టూ ఉంటుందని ధైర్యం చేశాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఏంటీ?" అంది ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి.

మళ్ళీ అన్నాడు.

"వినపడట్లేదు!"

"అబ్బబ్బ, నీకు చెవుడేంటే!" నాన్న గొంతు ఇంజన్‌ని మించి మోగింది. కూతురితో ఆయన ఇన్నాళ్ళకి మాట్లాడిన మొదటి మాట అదే. "నువ్వంటే ఇష్టమట, పెళ్ళి చేసుకుంటావా అంటున్నాడు! రెండుసార్లు అడిగాడు పాపం! ఎంతసేపు నిలబెడతావు?"

ఎదురు షాపులవాళ్ళు బయటికొచ్చారు. మెకానిక్‌కి వ్యాన్ కిందకి దూరిపోదామనిపించింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి ఆయన మాటలు పట్టేస్తారని ఎవరైనా ముందే చెప్పొద్దూ!

ఆమె నాన్న వైపు తిరిగి, గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపి ఏదో అంది. చాలా పెద్ద మాటే. చూస్తున్నకొద్దీ నాన్న కళ్ళు తడయ్యాయి.

"ఏమందండీ?" అన్నాడు మెకానిక్ కంగారుగా.

"నేను చెప్పను. అది మా తండ్రీకూతుళ్ళ సంగతి," అన్నాడు ఆయన.

ఆమె వెళ్ళి ఇంజన్ ఆపేసింది. తాళాలు తీసి నాన్న చేతిలో పెట్టి, వేళ్ళు గట్టిగా మూసింది. తర్వాత మెకానిక్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. ఇలాంటి మాట నేను నా చెవులతో వినాలి."

వీధంతా వింటుండగా అతను మూడోసారి చెప్పాడు.

"సరే," అంది ఆమె.

నాన్న జేబులోంచి రుమాలు తీసి కూతురి బుగ్గ మీద మరక తుడిచాడు. తర్వాత అల్లుడి భుజం చరిచి, "ఎక్కండి ఇద్దరూ," అన్నాడు. "నేను నడుపుతాను."