తాతగారి రివాల్వర్

ఖమ్మంలో డిటెక్టివ్ మున్వర్ ఆఫీసు మెట్లెక్కేవాళ్లు మామూలుగా భర్త మీద అనుమానంతోనో, పారిపోయిన గుమాస్తా కోసమో వస్తారు. ఆ వేసవి పొద్దున వచ్చిన మనిషి అలాంటిది కాదు. కాళ్లకు చెప్పుల్లేవు. బీడీల తునికాకు కోసి కోసి చేతివేళ్లు పగిలి ఉన్నాయి. కుర్చీ చూపించినా కూర్చోకుండా గడప దగ్గరే నిలబడింది.

"నా పేరు భీమక్క సారూ. భద్రాచలం అవతల అడివి పల్లె మాది. మా ఆయన దూలయ్యను పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు. బాలకృష్ణ సారును కాల్చిండంటున్నరు. ఆయన కాల్చలే."

బాలకృష్ణ పేరు వినగానే మున్వర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. లాలు అది గమనించాడు. లాలు ఒకప్పుడు హోంగార్డు. ఇప్పుడు మున్వర్‌కు జీపు నడుపుతూ, కేసుల్లో తోడు తిరుగుతూ, సాబ్ మనసులో ఏముందో తాను ముందే పసిగట్టగలనని లోలోపల మురిసిపోయే మనిషి. పసిగట్టింది ఏనాడూ లేదు, అది వేరే సంగతి.

మున్వర్ తండ్రికి తుపాకులు బాగుచేసే దుకాణం ఉండేది. వేంసూరు నుంచి వెళ్లి అడవి అంచున సేద్యం చేస్తున్న బాలకృష్ణ ఏటా అక్కడికి వచ్చేవాడు. తాత వదిలిపోయిన ఆరు తూటాల రివాల్వర్ ఒకటుంది అతనికి. ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది. ఆదివారాలు ఎండిన సొరకాయలు నిలబెట్టి దానితో గురి చూసి కాల్చేవాడు. దారి మంచిది కాదని మిగతా రోజులు నడుముకు కట్టుకుని తిరిగేవాడు. తండ్రి పోయాక ఆ రివాల్వర్‌కు నూనె పట్టించింది మున్వరే. తండ్రి చెప్పిన జాగ్రత్తలన్నీ బాలకృష్ణకు మళ్లీ మళ్లీ చెప్పిందీ మున్వరే.

"కాల్పు నువ్వు విన్నవా?" అడిగాడు మున్వర్.

"విన్న. వాగు కాడ ఆకు కోస్తున్న. ఒక్కటే సప్పుడు. నేను ఉరికిపొయ్యే సరికి సారు ఒడ్డున పడి ఉన్నడు."

"దూలయ్య?"

"అవతలి చేన్లకెళ్లి ఉరికొచ్చిండు. నెత్తురు చూసి బెదిరిండు. మొన్న చేని గట్టు పంచాయితీల అందరి ముంగట బాలకృష్ణ సారును 'నీ పాణం తీస్త' అన్నడు సారూ. గా మాట యాదికొచ్చి అడివిల పడ్డడు."

"ఉరికి తప్పు చేసిండు."

"అవ్. ఉరకకపోతే మాత్రం ఇడిసిపెడ్తరా మమ్మల్ని?"

మున్వర్ లేచాడు. లాలును జీపు తీయమన్నాడు.

అక్కడి ఠాణా ఎస్సై జంపయ్య చెడ్డవాడేమీ కాదు, కాకపోతే ఒక్కసారి తేల్చుకున్నాక మళ్లీ తిరగేసి చూడడు. "పెనుగులాటల రివాల్వర్ గుంజుకొని అదే రివాల్వర్‌తోటి కాల్చిండు సాబ్. చొక్కాకు తుపాకి మందు మసి ఉంది, అంత దగ్గరికెళ్లి. తూటా పొట్టల దూరి మెడ కాడ బయటపడ్డది. బెదిరించిండు, ఉరికిండు. ఇంకేం గావాలె?"

"కిందికెళ్లి పైకి పోయిందా? దూలయ్య పొట్టోడా?"

"పొడుగే. వంగి కాల్చిండేమో."

మున్వర్ రివాల్వర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. వెనక, తూటాను కొట్టి పేల్చే సుత్తి నెత్తి మీద కొత్త గీత ఉంది. పేలినప్పుడు ఉన్న తూటాలన్నీ ఎస్సై ఒక గుడ్డలో మూటకట్టి ఉంచాడు. పేలని తూటాలు అయిదు, పేలిన ఖాళీ గొట్టం ఒకటి.

"ఆరూ నిండి ఉన్నయా?" అన్నాడు మున్వర్.

"ఆరు తూటాల రివాల్వర్‌ల ఆరు గాక ఎన్నుంటయ్?"

మున్వర్ ఖాళీ గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి అడుగు భాగం చూశాడు. అంచున ఎర్రగా ఏదో పొడి అంటుకుని ఉంది. తుప్పన్నాడు ఎస్సై. మిగతా అయిదింటికీ ఆ తుప్పు లేదు. మున్వర్ దాన్ని మిగతావాటితో కలపకుండా విడిగా గుడ్డలో పెట్టి ముడి వేశాడు. లాలుకు ఎందుకో అర్థం కాలేదు.

వాగు దగ్గర పెనుగులాట జాడ ఒక్కటీ లేదు. నీటి అంచున ఉన్న బండ మీద నాణెమంత తెల్లటి దెబ్బ, కొత్తది. బాలకృష్ణ కళ్లద్దాలు, వాచీ పైరాయి మీద పక్కపక్కనే పెట్టి దొరికాయని ఎస్సై ముందే చెప్పాడు. కొట్లాటకు దిగేవాడు కళ్లద్దాలు మడిచి పెడతాడా అని లాలు గర్వంగా అడిగితే, మున్వర్ తల ఊపాడే తప్ప మెచ్చుకోలేదు.

బాలకృష్ణ ఇంట్లో శ్యామల వాళ్లను కూర్చోబెట్టి తనే మంచినీళ్లు తెచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఆ దూలయ్యకు ఉరి పడాలండి. నాకు ఇంకేం వద్దు."

"రివాల్వర్ ఇంట్ల యాడ ఉండేదమ్మా?"

"దేవుడి గూట్లో. పెళ్లైన కాడి నుంచీ అక్కడేనండి. ఆయన రాత్రే నింపి పెట్టేవారు. పొద్దున నేను బొట్టు పెట్టి చేతికిచ్చేదాన్ని. నా చేత్తో ఇస్తేగానీ గుమ్మం దాటేవారు కాదు."

లాలు ఏదో అడగబోయాడు. మున్వర్ అతని మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. బయటికి వచ్చాక, "ఎందుకాపిన్రు సాబ్?" అంటే, "ఆ జవాబు నాకు వద్దు లాలూ," అన్నాడు. అంత తెలివైనవాడు జవాబు వద్దనడం లాలు మొదటిసారి విన్నాడు.

మర్నాడు శ్యామల ఇంటి వసారాలోనే అందర్నీ కూర్చోబెట్టాడు మున్వర్. బేడీలతో దూలయ్య గోడకు ఆనుకున్నాడు. భీమక్క అతని పక్కన కింద కూర్చుంది. శ్యామల వాళ్లకేసి చూడకుండా కుర్చీలో బిగుసుకుని ఉంది.

"బాలకృష్ణను ఎవ్వరూ చంపలే," అన్నాడు మున్వర్. "ఇప్పటి రివాల్వర్‌లల్ల సుత్తికి, తూటాకు నడుమ అడ్డముంటది. ఈ పాతదాంట్ల లేదు. సుత్తి తిన్నగ తూటా మీదనే ఆని ఉంటది. కింద పడి సుత్తికి దెబ్బ తగిల్తే చాలు, పేలుతది. అందుకే మా అబ్బాజాన్ దుకాణంల ఒక కట్టుబాటు. సుత్తి కింది అర ఖాళీగ ఉంచాలె. ఆరింటిది అయినా అయిదే నింపాలె. బాలకృష్ణ ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ ఆ మాట దాటలే."

ఎస్సై రాయడం ఆపి తలెత్తాడు.

"ఆ పొద్దు ఆయన వాగు కాడ మొఖం కడుక్కునేందుకు ఆగిండు. అద్దాలు, వాచీ తీసి పైన పెట్టిండు. వంగిండు. నడుము పట్టా పాతది, రివాల్వర్ జారి బండ మీద పడ్డది. బండ మీద దెబ్బ ఉంది, సుత్తి మీద గీత ఉంది. వంగిన మనిషికి కిందికెళ్లి తగిలింది, అందుకే తూటా పైకి పోయింది. చొక్కా మసి గూడ అందుకే."

"అయిదే నింపేటోడైతే పేలకపోవాలె గద," అన్నాడు ఎస్సై. "ఆరోది ఎవరు పెట్టిండ్రు?"

మున్వర్ నేల చూపులు చూశాడు. "ఆయనే పెట్టుకున్నడేమో."

"ఏమో అంటే కోర్టు ఊకుంటదా సాబ్? ఇన్నేండ్లు పెట్టనోడు ఆనాడే ఎందుకు పెడ్తడు? ఇది తేలకపోతే దూలయ్యను నేను విడువలేను."

అప్పుడు అర్థమైంది లాలుకు. ఖాళీ గొట్టం అడుగున ఉన్నది తుప్పు కాదు, కుంకుమ. మున్వర్ నిజం చెప్తే ఈ ఆడమనిషి బతకదు, చెప్పకపోతే ఆ గోడ దగ్గరి మనిషి బయటికి రాడు. లాలుకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది.

"నేను పెట్టాను," అంది శ్యామల.

ఎస్సై ఆమె వైపు తిరిగాడు.

"ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు. ఎందుకో తెలీదు. అడిగితే 'అది మున్వర్ సాబ్ వాటా' అని నవ్వేసేవారు. దూలయ్య ఆ మాట అన్న రాత్రి నాకు కన్ను మూతపడలేదండి. ఇంకొక్కటి ఉంటే ఇంకొక్క గండం గడుస్తుంది కదా అనుకున్నా. బీరువాలోంచి తీసి, దానికీ బొట్టు పెట్టి, నేనే దోపాను. చెప్తే తీసేస్తారని చెప్పలేదు. నేనిచ్చింది తెరిచి చూసుకునే అలవాటు ఆయనకు లేదు."

ఆమె లేచి దూలయ్య ముందుకు వెళ్లి నిలబడింది. చేతులు జోడించింది. దూలయ్య తల దించుకున్నాడు. "నేను గూడ అట్ల అనకపోయేది ఉండెనమ్మా," అన్నాడు మెల్లగా.

ఎస్సై బేడీలు తీయించాడు. శ్యామల భీమక్క వైపు తిరిగింది.

"ముందు నువ్వే వెళ్లావట. అప్పటికి ఊపిరుందా? ఆయన ఏమన్నా అన్నారా?"

"లేదమ్మా," అంది భీమక్క. "నేను పొయ్యే సరికే అయిపోయింది. ఏం తెల్వకుంటనే పోయిండు."

శ్యామల కళ్లు మూసుకుంది. ఆ ఒక్క మాటకే ఆమె ప్రాణం కాస్త కుదుటపడ్డట్టు కనిపించింది.

దూలయ్యతో సంతకాలు పెట్టించాలని ఎస్సై అతన్ని తీసుకుని ముందు వెళ్లాడు. భీమక్కను ఎక్కించుకుని జీపు వెనక బయల్దేరింది. అడవి దారిలో మున్వర్ అన్నాడు, తనతో తాను చెప్పుకున్నట్టు.

"సుత్తి కింద ఖాళీ ఎందుకో ఆమెకు గూడ ఒక్కసారి చెప్పి ఉంటే అయిపోయేది. మొగోనికే చెప్పిన. ఇంట్ల ఆమె చేతుల మీదికెళ్లే పోతదని నాకేం తెలుసు."

భీమక్క వెనక సీట్లో నుంచి ముందుకు జరిగింది.

"సారూ, ఒక మాట. నేను పోయినప్పుడు ఆయనకు పాణం ఉంది."

లాలు జీపు వేగం తగ్గించాడు.

"నా చెయ్యి పట్టుకుండు. 'మా శ్యామలకు చెప్పకు' అన్నడు. రెండుసార్లు అన్నడు. ఏం చెప్పొద్దో నాకు సమజ్ కాలే. పోయేటోడు చెయ్యి పట్టి అడిగిన మాట మాకాడ దాటరు. అందుకే ఠాణాల గూడ చెప్పలే. మా ఆయన లోపలున్నా చెప్పలే. ఇయ్యాల ఆమె లేచి మాట్లాడినంక సమజైంది."

మున్వర్ సీట్లో వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడన్నా ఆమెకు చెప్పొచ్చు గద భీమక్కా. ఆఖరుకు గూడ తన గురించే తపన పడ్డడని తెలిస్తే ఆమెకు ఊరట ఉండదా?"

"ఏం ఊరట సారూ," అంది భీమక్క. "ఆరోది ఎవరు పెట్టిండ్రో ఆయనకు ఎరికైందని ఆమెకు తెలుస్తది గద."