మందు డబ్బాలో రేడియో

సెల్‌ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తాల్సిన శ్రవణ్ కుమార్ కాల్వలో తేలుతున్నాడు.

ఆ ఫోన్ తెల్లారి గద్వాల బస్టాండు పక్కన ఒక బ్యాటరీల దుకాణంలో బల్ల మీద పడింది. ‘స్ప్రేయర్లు, ఇన్వర్టర్లు రిపేరు చేయబడును’ అని బయట బోర్డు. లోపల కూర్చునే రజియాబీ సీక్రెట్ యూనిట్ చీఫ్. ఆ సంగతి తెలిసిన ఏజెంట్లలో ఒకడు పోయాడు. ఇంకొకడు, జయరాజు, ఎదురుగా నిలబడ్డాడు.

"గీ ఫోనే శ్రవణ్‌ను పట్టిచ్చింది," అంది రజియాబీ. "వాడు యాడికి పోతే గాడ వాళ్ల కంప్యూటర్ల చుక్క ఎలిగింది. నీదీ ఇయ్యి."

జయరాజు ఫోన్ ఇచ్చేశాడు.

"ఎవరు ఆపా వాళ్లు?"

"హార్వెస్ట్ నైన్. విదేశీ ముఠా. కె-సెవెన్ అని కొత్త పురుగుమందు తయారు చేసిండ్రు. వాళ్ల దేశంల కుక్కల మీద ట్రయల్ చేస్తమంటే జనం రోడ్డెక్కిండ్రట. గందుకే మన దగ్గరికొచ్చిండ్రు."

"మన కుక్కల మీదనా?"

"మన ఆడోళ్ల మీద."

గద్వాలలో, గోపాల్‌పేటలో, కోడేరులో మూడు పత్తి చేన్లు కౌలుకు తీసుకున్నారు. పొద్దున ఆడకూలీలు సాళ్లలో వంగి, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్దుతుంటారు. క్రాసింగ్ అంటారు ఆ పనిని. వాళ్ల నెత్తిన డ్రోన్‌తో కె-సెవెన్ కురిపిస్తారు. ఎవరు పడ్డారు, ఎవరు లేచారు అని వ్యానులో కూర్చుని చూస్తారు. కుక్కకు అక్కడ అడిగే దిక్కుంది. కూలీకి ఇక్కడ ఎవరున్నారు?

"ఏ చేన్లనో తెల్వదు," అంది రజియాబీ. "చేను చుట్టూ జామర్ పెడ్తరు. ఫోన్లు పలకవు."

"మూడు చేన్లకూ కూలీలను పోనియ్యకుంటే?"

"వచ్చే వారం ఇంకో జిల్లాల చేస్తరు. మందుతోని, మనిషితోని దొరకాలె. పైకి రాసిన. సాక్ష్యం తెమ్మంటుండ్రు. శవాలు కావాలె వాళ్లకు."

జయరాజు బల్ల మీదికి వంగాడు. "కోడేరుల మా లలితక్క క్రాసింగ్‌కు పోతది ఆపా."

"ఎరుకే. గందుకే ఆడికి మన ఇంకో ఏజెంట్, ఆటో నడిపే మునవ్వర్‌ను పంపిన. అక్కను జూస్తే నీ కాళ్లు ఆగవు. నువ్వు గోపాల్‌పేటల వాళ్ల గోదాముకు పో."

రజియాబీ ఒక బ్యాటరీ స్ప్రేయర్‌ను బల్ల మీద పెట్టింది. వీపుకు తగిలించుకుని మందు కొట్టే డబ్బా. పత్తి చేనులో దాన్ని ఎవడూ రెండోసారి చూడడు. ట్యాంకు మధ్యలో పలక పెట్టి సీలు చేసింది. పైసగంలో నీళ్లు, కిందిసగంలో టవరు అక్కర్లేని సీబీ రేడియో. ఇరవై ఏడు మెగాహెర్ట్జ్, నాలుగు వాట్లు. పాత బ్యాటరీ పీకి లిథియం బ్యాటరీ కూర్చింది. ఫైబర్ గొట్టానికి రాగి తీగ చుట్టింది, అది ఆంటెన్నా. వెనకాల తోకలాగా వేలాడే తీగ భూమి తీగ. వచ్చిన మాటా పోయిన మాటా పట్టుకునే చిన్న రికార్డర్ కూడా తగిలించింది.

మీటరు ముల్లు చూస్తూ రాగి తీగను కొంచెం కొంచెంగా కత్తిరించింది. ముల్లు కిందికి దిగింది.

"ఎస్‌డబ్ల్యూఆర్ కుదిరింది, ఆంటెన్నా సెట్టుకు సరిపోయింది. ట్రిగ్గర్ నొక్కి మాట్లాడు, ఇడిసి ఇను. ఎర్ర లైటు ఎలిగితే నొక్కకు, సెట్టు కాలుతది. ఇంకోటి కొనిచ్చే సర్కారు లేదు మనకు."

"కోడ్?"

"చీరల అంచులు. గద్వాల పచ్చంచు, గోపాల్‌పేట పసుపంచు, కోడేరు ఎర్రంచు. గోదాముల సరిత అని ఉంటది. మనకూ కబురిస్తది, వాళ్లకూ ఇస్తది. కోడూ నీ డబ్బా గుర్తూ ఆమెకు చెప్పిన. ఎవరి మనిషో నాకే తెల్వదు. శ్రవణ్ ఆఖరికి మాట్లాడింది ఆమెతోనే."

గోపాల్‌పేట గోదాములో జయరాజు కూలి మనిషిగా చేరాడు. మేస్త్రీ కురుమయ్య అతని డబ్బాలో నీళ్లు పోశాడు.

"ఏందిర, గింతనే పడ్తున్నయి?"

"పాత డబ్బా మేస్త్రీ. కడుపు కుంచించుకపోయింది."

"నీ లెక్కనే ఉన్నది."

కారు ఆగింది. సరిత దిగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, గోదామంతా సెంటు వాసన. ముఠాకు ప్రాజెక్ట్ మేనేజర్. జయరాజు డబ్బా బెల్టు సరిచేస్తున్నట్టు వంగి మెల్లగా అంది:

"ఎర్రంచు. డ్రోన్‌కు మందు నింపుతుండ్రు."

జయరాజుకు అర్థమైంది. కోడేరు. లలితక్క. కానీ ఈమె మాట అబద్ధమైతే? కోడేరు అని అందరినీ అటు ఉరికిస్తే, ఈ పక్క చేనులోనే ఆడవాళ్లు పడిపోతే?

అప్పుడు ఆమె చెయ్యి చూశాడు. అన్ని గోళ్లూ అద్దాల్లా ఉన్నాయి. కుడి బొటనవేలి గోరు మాత్రం మందంగా, గీతలు పడి, నడుమ చీలి ఉంది. రంగు కింద కూడా చీలిక దాగలేదు. చిన్నప్పటి నుంచి క్రాసింగ్ కోసం పత్తి మొగ్గను ఆ గోటితో చీల్చినవాళ్లకే అట్లా అవుతుంది. లలితక్క గోరు కూడా అంతే.

"ఏ ఊరు చేన్ల చేసినవ్?" అన్నాడు.

సరిత చెయ్యి వెనక్కి లాక్కుంది. "బడికి పోయే ఈడుల. పో ఇగ. శ్రవణ్‌కూ ఫోన్ పారెయ్యమనే చెప్పిన. ఇన్లే."

జయరాజు గుట్ట వైపు నడిచాడు.

"చేను ఇటుంటే గుట్టకెందుకు పోతవ్‌ర?" కురుమయ్య అరిచాడు.

"నేనే పంపిన," అంది సరిత. "నీ పని నువ్వు చూసుకో."

గుట్టెక్కి గొట్టం నిలబెట్టాడు. ఎర్ర లైటు. వెనక్కి చూస్తే భూమి తీగ లేదు, ముళ్లకంపకు తట్టుకుని తెగిపోయింది. మేకలు రాకుండా ఎవరో కట్టిన కంచె తీగ ఒకటి రాళ్ల మధ్య సాగుతోంది. డబ్బా నుంచి వేలాడుతున్న ముక్కను దానికి మెలిపెట్టాడు. లైటు ఆరింది.

"ఎర్రంచు. మునవ్వర్, ఎర్రంచు. డ్రోన్ లేస్తుంది."

గరగర. మళ్లీ గరగర. తర్వాత ఆటో ఇంజను చప్పుడు, మునవ్వర్ గొంతు.

"ఇనబడ్డది భాయ్. చేన్లకే ఉరుకుతున్న. బటన్ ఇడువ, నువ్వు ఇను."

కోడేరులో ఉన్న సెట్టు కూడా అలాంటి డబ్బాయే. అది తగిలించుకుని మునవ్వర్ ఉరికాడు. ఇక్కడ గుట్ట మీద జయరాజు చెవిలో చేను వినిపించింది. ఆకుల చప్పుడు. దూరంగా తేనెటీగల గుంపులాంటి మోత.

"లలితక్కా, గా డ్రోన్‌ల ఇసముంది. జయరాజు చెప్పిండు. ఆడోళ్లను తీస్కొని ఉరుకు."

"ఎవడు ఇడుస్తుండు?"

"గా వ్యానుల తెల్లోడు."

ఉరికిన అడుగులు వినిపించాయి. జయరాజు దండం పెట్టుకోబోయాడు. కానీ అడుగులు చేను బయటికి పోలేదు. వ్యాను తలుపు దబ్బుమంది. ఇంగ్లిష్‌లో కేకలు.

"మూతికి తొడుగు పెట్టుకున్నవేంది?" లలితమ్మ గొంతు. "మంచి మందే గద. మా మీద పోయొచ్చు గద. ఇయ్యి గా తొడుగు. రా. నా సాల్ల నిలబడు." ఆకుల్లో మనిషిని ఈడ్చుకొస్తున్న చప్పుడు.

"అక్కా, నువ్వు బయటికి రా," అన్నాడు జయరాజు. ఆమెకు వినబడదు. మునవ్వర్ బటన్ వదిలితేగా.

మోత దగ్గరికొచ్చింది. తెల్లవాడి గొంతు చీలింది. "స్టాప్ ఇట్. నాజిల్ ఓపెన్ వద్దు, ఆపరేటర్‌కు చెప్పు. మాస్క్ ఇవ్వు, ఇది ప్రాణం తీస్తుంది. ప్లీజ్." చచ్చే భయంలో వాడికి వచ్చీరాని తెలుగు కూడా వచ్చింది.

మోత వాళ్ల నెత్తి మీద ఆగింది.

జయరాజు డబ్బాకు చెవి ఆనించాడు.

తర్వాత మోత మెల్లగా వెనక్కి జరిగింది. కిందికి దిగింది. ఆగిపోయింది. కూలీల మీద మీట నొక్కడానికి చెయ్యి వణకని ఆపరేటర్‌కు, తన దొర మీద మాత్రం నొక్కడానికి చెయ్యి రాలేదు.

"దింపిండ్రు భాయ్," మునవ్వర్ రొప్పుతున్నాడు. "మందు క్యాన్లు మన చేతుల్లనే ఉన్నయి. దొర అక్క చేతుల్ల ఉన్నడు. ఇడిపియ్యాల్నా?"

"జర ఆగు," అన్నాడు జయరాజు. ఇప్పుడు నవ్వగలిగాడు. "సాక్ష్యం అడిగినోళ్లు వచ్చేదాంక ఆమె చేతులనే ఉండనియ్యి."

రికార్డర్‌లో ప్రతి ముక్కా ఉంది. ప్రాణం తీస్తుందని దొరే చెప్పాడు. ఇక శవాలు అక్కర్లేదు.

గుట్ట దిగేసరికి కురుమయ్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. డబ్బా మూత తీసి చూశాడు. పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి.

"చుక్క కూడా కొట్టలే. గుట్టెక్కి ఏం జేసినవ్‌ర?"

"పురుగుకే కొట్టిన మేస్త్రీ," అన్నాడు జయరాజు. "జర దూరం. కోడేరుల పడ్డది."