కిటికీ పక్క పొయ్యి

తన వల్ల ఏ పసిబిడ్డకైనా ప్రాణం మీదికి వస్తుందేమోనన్నదే ఆ అమ్మాయికి అన్నిటికన్నా పెద్ద భయం. ఇప్పుడు వీధంతా ఆమెను ఆ మాటే అంటోంది. చంకన బిడ్డతో డిటెక్టివ్ గది గుమ్మంలో నిలబడిపోయింది.

"గ్యాస్ నేను వదల్లేదు మేడమ్. నా బిడ్డ ఉయ్యాల ఆ పొయ్యి దగ్గరే కడతాను. పొయ్యి కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొచ్చి మరీ చూస్తాను."

ఆ తిండి వీధిలోని చిన్న వ్యాపారులకు ప్రభుత్వం ఉమ్మడి వంటశాల కట్టించింది. నిన్న సాయంత్రం తాళం వేయబోయిన కాపలాదారుకు గుమ్మంలోనే గ్యాస్ గుప్పుమంది. కిటికీ పక్క పొయ్యికి మంట లేదు, గ్యాస్ మాత్రం తిప్పి ఉంది. రోజూ దాని మీద పసిపిల్లల తిండి వండేది ఈ అమ్మాయే. నేరం రుజువైతే ఆమె చోటు పోతుంది.

డిటెక్టివ్, ఆమె అసిస్టెంటు వంటశాలకు వెళ్లారు. రొట్టెల పెద్దమ్మ టీ ఇచ్చింది. అసిస్టెంటు ఒక గుక్క తాగి, మొహమాటానికి మింగాడు.

"నిన్న చివర వెళ్లింది నేనేనమ్మా. నాకేం తేడా తెలియలేదు," అంది పెద్దమ్మ.

"పెద్దమ్మ బంగారం! నా వేపుడు మాడినా పల్లెత్తు మాట అనదు," అన్నాడు వేపుళ్ల వ్యాపారి.

డిటెక్టివ్ వంగి, బర్నరు మీద ఎండిన పాల చార గోటితో గీకి చూసింది. "అమ్మాయ్, నీ వంటలో పాలు వాడతావా?"

"లేదు మేడమ్. పసివాళ్లకు పడవని వాడను."

వంటశాల పథకం చూసే అధికారి వచ్చాక డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, ఈ టీలో పాలు పులిసి వాసనొస్తున్నాయి. మీకు తెలియలేదు. గుమ్మం దాకా వచ్చిన గ్యాస్ వాసన, పొయ్యి పక్కనున్న మీకు తెలియలేదు. ఈ అమ్మాయి వెళ్లాక మీరు ఈ పొయ్యి మీదే పాలు పెట్టారు. అవి పొంగి మంట ఆరింది, గ్యాస్ ఆగలేదు. మీకు వాసన తెలియడం లేదు కదూ?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జ్వరం తగ్గాక ముక్కు చచ్చిపోయిందమ్మా. చెబితే ఇక్కడి నుంచి పంపేస్తారని... పొద్దున ఆ మరక చూశాక నోరు పెగల్లేదు. నీకు అన్యాయం చేశాను తల్లీ."

"ఓర్నీ! నేనింకా మంచితనం అనుకున్నానే!" అన్నాడు వేపుళ్ల వ్యాపారి.

అసిస్టెంటు గురువు వంక ఆరాధనగా చూస్తుండగానే ఆ అమ్మాయి లేచింది. "ఆవిణ్ణి పంపకండి సార్. ఆవిడ పొయ్యి కూడా నేనే చూసుకుంటాను."

అధికారి అందుకు ఒప్పుకున్నాడు. మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే పొయ్యిలు పథకం కింద తెప్పిస్తానన్నాడు.

అవి ఇంకా రాలేదు. బిడ్డకు ఒళ్లు వెచ్చబడి ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఉంటోంది. మీరు అటుగా వెళితే, పెద్దమ్మ పొయ్యి కట్టేసిందో లేదో ఒక్కసారి చూసి వెళ్లండి.