వాటం లేని రేకు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరటి వరండాలో కూర్చోవడం, ఎదురుగా ఉన్న అల్లుడి పొయ్యిని చూసి పెదవి విరవడం టైల్స్ మేస్త్రికి ఈమధ్య అబ్బిన అలవాటు. ఆ రెంటిలో ఏది తప్పినా ఆయనకి తెల్లవారినట్టుండదు.

అది మామూలు పొయ్యి కాదు. నాలుగు కాళ్ళ మీద పడుకోబెట్టిన ఇనప పీపా. పక్కనున్న డబ్బాలో కట్టెపొట్టు గుళికలు పోస్తే, కరెంటుతో తిరిగే మర వాటిని కొంచెం కొంచెంగా నిప్పులోకి తోస్తుంది. పైన జాలీ మీద కోళ్ళు కాలుతుంటాయి. వాటినుంచి కారిన కొవ్వు కింది రేకు మీద పడి, జారి, గొట్టంలోంచి బయట వేలాడే చిన్న బకెట్టులోకి పోవాలి. దీపాల కొట్టు మూతపడి సేల్స్‌మన్ ఉద్యోగం ఊడాక అల్లుడు దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొని, సరాసరి మామగారి పెరట్లో దింపాడు.

"కట్టెల పొయ్యికి కరెంటా! దొరగారికి నిప్పు ఎగదొయ్యడానికి కూడా నౌకరు కావాలి," అన్నాడు మేస్త్రి ఆ రోజు. ఇప్పటికీ రోజుకోసారైనా ఆ మాట అంటూనే ఉన్నాడు.

ఆ పొయ్యిలో తిన్నగా ఉన్నది ఒక్కటీ లేదు. వేడికి మూత వంగి ఒక పక్కనించి పొగ కక్కుతుంది. కొవ్వు జారే రేకు మధ్యలో పొట్టలా దిగిపోయింది. పలకల మధ్య వెంట్రుకవాసి తేడా వస్తే పీకి అవతల పారేసే మనిషి కళ్ళెదుట రోజూ ఆ వంకర పీపా! నిన్న సాయంత్రం అల్లుడు మాంసం కొట్టుకి వెళ్ళినప్పుడు మేస్త్రి ఇక తట్టుకోలేక రేకు బయటికి లాగాడు. దాని ఒక అంచు కింద ఎవడో రెండు ఇనప బిళ్ళలు ఎత్తుగా పెట్టాడు. ఎవడో ఏమిటి, ఆ చేతకానివాడే. మేస్త్రి ఆ బిళ్ళల్ని గోడ అవతలికి గిరాటేసి, రేకుని సుత్తితో వాయించి, తన రసమట్టం పెట్టి, గాజులో బుడగ సరిగ్గా మధ్యన నిలిచేదాకా సర్దాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అల్లుడు థాంక్స్ అంటాడు, అది వినే ఓపిక ఆయనకి లేదు.

ఇవాళ బస్సు డిపోలో ఎవరిదో రిటైర్మెంటు విందు. కోళ్ళన్నీ అల్లుడే కాల్చి ఇవ్వాలి. రుచి నచ్చితే వారం వారం క్యాంటీన్‌కి తీసుకుంటామన్నాడు మేనేజరు. నచ్చకపోతే పొయ్యి అమ్మేసి, వేరే ఊళ్ళో వాళ్ళ అన్నయ్య గోడౌన్‌లో పనికి చేరతానని అల్లుడు ఇంట్లో తేల్చి చెప్పేశాడు. వాడు పోతే పీడా పోతుంది, కానీ వాడితోపాటు కూతురూ మనవరాలూ పోతారే! వాడొక్కడే వెళ్ళే మార్గం ఏదైనా ఉంటుందా అని మేస్త్రి చాలా దూరం ఆలోచించాడు.

"మామయ్యా, కొంచెం జరుగుతారా? కోళ్ళు తేవాలి," అన్నాడు అల్లుడు పళ్ళేలు మోసుకొస్తూ.

"జరక్కేం, పెరడు నీది కదా," అన్నాడు మేస్త్రి.

"నాన్నా, ఇవాళొక్కరోజు నోరు అదుపులో పెట్టుకోండి," అంది వెనకే వచ్చిన కూతురు.

మొదటి వాయి బాగానే దిగింది. రెండో వాయి సగంలో ఉండగా అల్లుడు బకెట్టు వైపు చూసి, "ఇదేంటి, చుక్క కూడా పడలేదు!" అన్నాడు. అనుమానంగా మూత ఎత్తాడు. అంతే, భగ్గుమని మంట మొహం మీదకి లేచింది. అల్లుడు మూత దబ్బున మూశాడు. కూతురు ప్లగ్గు పీకి, అక్కడే ఆడుకుంటున్న పిల్లని చంకనేసుకుని లోపలికి పరిగెత్తింది. మేస్త్రి నీళ్ళ బకెట్టు ఎత్తుకుని మళ్ళీ మూత తెరవబోయాడు.

"నీళ్ళొద్దు మామయ్యా! కొవ్వు మంట, మీద పడుద్ది!"

అల్లుడు చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని వెనక్కి నెట్టాడు. ఆ విసురులో తన ముంజేయి కాలుతున్న మూతకి అతుక్కుంది.

మంట చల్లారేసరికి కోళ్ళు బొగ్గులయ్యాయి. డిపోకి కూతురే ఫోన్ చేసింది. వాళ్ళు నాలుగు మాటలని, భోజనాలు ఇంకోచోట చెప్పుకున్నారు. ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చిన అత్తగారు అల్లుడి చేతిని కుళాయి కింద పట్టించి, తర్వాత మందు రాసి కట్టు కడుతుంటే మేస్త్రి ఆ చేతివంకే చూస్తూ నిలబడ్డాడు. కానీ నోరు ఊరుకుంటేగా!

"నేను మొదటిరోజే చెప్పాను. అయినా ఇంత తిన్నగా చేసి పెట్టినా వాడుకోవడం చేతకాకపోతే ఎవరేం చేస్తారు?"

"ఏం చేసి పెట్టారు?" అంది కూతురు.

"నిన్న ఆ వంకర రేకుని నేనే దారికి తెచ్చాను. రసమట్టం పెట్టి మరీ! ఈయనగారు కింద పెట్టిన ముష్టి బిళ్ళలు కూడా తీసి పారేశాను."

అల్లుడు కళ్ళు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. మేస్త్రి మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టే ఉన్నాడు.

"నాన్నా," అంది కూతురు మెల్లగా. "బాత్రూములో వాటం పెట్టకుండా పలకలు పరిస్తే నీళ్ళెటు పోతాయి?"

"ఎటూ పోవు. నిలిచిపోతాయి. అదేం ప్రశ్న?"

అన్నాక అర్థమైంది. మొహం మాడిపోయింది.

"వేడికి రేకు పొట్ట దిగింది. అయినా కొవ్వు జారాలని ఆయన ఆ బిళ్ళలతో వాటం పెట్టుకున్నారు. కొత్త రేకు వచ్చేదాకా అలా నడుపుకొస్తున్నారు. మీరు దాన్ని హాలు నేలలా పరిచేశారు. కొవ్వంతా అక్కడే నిలబడి అంటుకుంది."

"ఊరుకోవే, పెద్దాయన్ని..." అంది అత్తగారు.

"ఊరుకోను! తెలియనివాళ్ళు చేస్తే అది వేరు. ఆ బిళ్ళలు ఇంకెవరైనా పెట్టుంటే, ఎందుకు పెట్టారో అని నాన్న ఒక్క క్షణం ఆగేవారు. మా ఆయన పెట్టారు కాబట్టి, అందులో బుర్ర ఉంటుందని నాన్నకి తోచలేదు."

వాటం లేని బాత్రూము పరిచినందుకు ఒక పనివాణ్ణి ఇంటివాళ్ళ ముందే పట్టుకుని దులిపేసిన మనిషి తను. ఆ రోజు అన్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా ఎక్కువ అనిపించలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

"పోనివ్వండి, పొగరు తగ్గాక వస్తారు," అంది అత్తగారు.

అల్లుడు గదిలోకి వెళ్ళి, అన్నయ్యకి చెయ్యబోతూ ఫోన్ తీశాడు. ఈలోగా డిపో మేనేజరే చేశాడు.

"ఒక పెద్దాయన మా ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చున్నారండీ. మీ మామగారట. పొయ్యి పాడుచేసింది తనేనట, మీ తప్పేం లేదట. మళ్ళీ ఆర్డరిస్తామంటే గానీ కదలనంటున్నారు. విందుకొచ్చినవాళ్ళంతా ఆయన్నే చూస్తున్నారు. కాస్త వచ్చి తీసుకెళ్ళండి."

అల్లుడు వెళ్ళేసరికి మేస్త్రి బెంచీ అంచున బడిలో గోడకుర్చీ వేయించిన పిల్లాడిలా బిగుసుకుని ఉన్నాడు.

"లేవండి మామయ్యా. అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. నిన్ను చూసి నేను నవ్వలేదా ఇన్నాళ్ళూ?" అన్నాడు మేస్త్రి. "వచ్చే వారం ఒక్కసారి ఇచ్చి చూస్తానన్నాడు మేనేజరు. నిజంగా అన్నాడో, నన్ను వదిలించుకోవడానికి అన్నాడో తెలీదు. అందుకే కూర్చున్నా."

అల్లుడికి నవ్వొచ్చింది. కోపం మాత్రం పోలేదు. "మీరు చేసింది చిన్న పని కాదు మామయ్యా. పిల్ల అక్కడే ఆడుకుంటోంది," అన్నాడు.

మేస్త్రి తల వంచుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి సరిగ్గా ఆయన కళ్ళ ముందే ఉంది. దాన్ని ముట్టుకోబోయి, నొప్పి పెడుతుందేమోనని ఆగిపోయాడు. కళ్ళనీళ్ళు జారి గడ్డం మీదకొచ్చాయి, తుడుచుకోలేదు.

"కాలాల్సిన చెయ్యి నాదయ్యా," అన్నాడు. "మీ అన్నయ్యకి చెప్పేశావా?"

"చెప్పబోతుంటే మేనేజరు ఫోనొచ్చింది."

"చెప్పకు."

"అమ్మాయీ పాపా దూరమవుతారనా?"

"పొద్దుటిదాకా అందుకే," అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు నువ్వు కూడా వెళ్ళొద్దు."

అల్లుడు వచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాడు. లోపల విందు ముగిసి జనం చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోతున్నా, ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు.