సాంబ్రివల్ అంటే?

"ఈ హాలు కాస్త ఫ్రెడోరస్‌గా లేదూ?"

రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న టోపీ మనిషి ఆ మాట అనగానే కొరియర్ మనసు కుదుటపడింది. ఫ్రెడోరస్. ఏ డిక్షనరీలోనూ లేని మాట, నిన్ననే పుట్టిన మాట. పొరపాటున కూడా ఎవరి నోటా రాదు. అన్నాడంటే మనవాడే. గడియారాల రిపేరువాడి వేషంలో ఉన్న కొరియర్ తలూపి, పనిముట్ల పెట్టెను కాలితో అటు జరిపాడు. టోపీ మనిషి థాంక్స్ చెప్పి, షేక్‌హ్యాండ్ ఇచ్చి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ షేక్‌హ్యాండ్‌లో సూది ఉందని కొరియర్‌కి తెలిసేలోపే తల గుండెల మీదికి వాలిపోయింది. అసలు రావలసినవాడు వచ్చేసరికి బెంచీ చుట్టూ జనం మూగి ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన నుంచి అల్లుడికి పిలుపు వచ్చింది.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ అల్లుడనే అంటారు. ఎన్ని సాహసాలు చేస్తేనేం, అత్తగారు కూడా అదే ఆఫీసులో పనిచేస్తుంటే ఇక వేరే పేరు నిలుస్తుందా? పైకి అది నిఘంటువులు అచ్చువేసే కంపెనీ. కాగితం బేళ్ళ వెనకనున్న లిఫ్ట్‌లో కిందికి దిగితే అసలు ఆఫీసు.

పెద్దాయన సంగతి సూటిగా చెప్పాడు. పోయిన పెట్టెలో హార్బర్ రక్షణ నక్షాల మైక్రోఫిల్మ్ సగం ఉంది. మిగతా సగం ఇవాళ సాయంత్రం పూల ప్రదర్శనలో చేతులు మారుతుంది. రెండు సగాలూ విదేశీ ముఠా చేతిలో పడితే హార్బర్ తలుపులు బార్లా తెరిచినట్టే. ఇవాళ్టి పాస్‌వర్డ్ ఇప్పటికే కొరియర్‌కి అందింది. రేడియో వాడకూడదు. మాట మార్చడానికి లేదు, మనిషిని వెనక్కి పిలవడానికి లేదు.

"ఫ్రెడోరస్ ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు. చనిపోయినవాడికి. వాణ్ణి కలవాల్సినవాడికి. వాడు మా కళ్ళముందే ఉన్నాడు. ఇక మిగిలింది దాన్ని తయారుచేసిన ఆవిడ."

అంటే అత్తగారు. అత్తగారిని అనుమానించడం ఏ అల్లుడికీ అంత కష్టమైన పని కాదు.

పెద్దాయన డ్రాయర్లోంచి నల్ల పెన్ను తీశాడు. మూత తిప్పితే చాలు, గాలిలో కలిసే మందు అందులో ఉంది. ఆవిడ అమ్ముడుపోయిందని తేలితే మూత తిప్పి, బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చెయ్యమన్నాడు.

"ఇంకోటి. ఇవాళ్టి కొరియర్ నీ భార్య. మీ అత్తగారికి తెలీదు. తెలియకూడదు."

అల్లుడికి పొద్దుటి ఇల్లు గుర్తొచ్చింది. తనూ డిపార్ట్‌మెంట్ మనిషే, అయినా టైపింగ్ పరీక్షకని చెప్పి బ్యాగు సర్దుకుంది. 'పనుంది, ఆలస్యమవుతుంది' అని అతనంటే, 'పని అంటే?' అని గుమ్మంలో నిలబెట్టి అడిగింది. పెళ్ళయినప్పటి నుంచీ అదే వరస. దేనికైనా 'అంటే?' అంటుంది. అతను విసుక్కుని సమాధానం చెప్పకుండానే వచ్చేశాడు.

అత్తగారి గది వరండా చివర. గోడలనిండా లాటిన్, ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్ డిక్షనరీలు. ఆవిడ పని కొత్త ఇంగ్లీషు మాటలు పుట్టించడం. ఓ లాటిన్ వేరో స్పానిష్ వేరో తీసుకుని, ఇంగ్లీషు తోక తగిలించి, నోట్లో వేసుకుని చప్పరించి చూస్తుంది. మాట అప్పుడే పుట్టి ఉండాలి. కానీ విన్నవాడికి ఎక్కడో చదివానే అనిపించాలి. అప్పుడే పక్కవాళ్ళకి అనుమానం రాదు.

"రండి అల్లుడుగారూ. కుర్చీ అంచున కూర్చున్నారంటే ఏదో అడగడానికే వచ్చారు. మొహమేమిటి అంత పాలిడెంట్‌గా ఉంది? నిద్రలేదా?"

"అవునండీ. పని ఎక్కువైంది."

ఆవిడ ముసిముసిగా నవ్వింది. మాట పాసయిందట. పాలిడెంట్ అన్న మాట లోకంలో లేదట. లాటిన్లో పాలిపోవడానికున్న వేరు పట్టుకుని ఆ ఉదయమే చేసిందట. దానర్థం కూడా చెప్పింది: లోపల భయపడుతూ, పైకి భయం లేనట్టు నటించేవాడి తెల్లమొహం.

అల్లుడికి ఒళ్ళు మండింది. నటన మీద ఏళ్ళ తరబడి ట్రైనింగ్ తీసుకున్న ఏజెంటు, కూర్చుని రెండు నిమిషాలు కాకముందే అత్తగారికి దొరికిపోయాడు.

"అర్థం మీకు ఎప్పుడూ ఉంటుందా అండీ?"

"అర్థం లేకుండా మాటేమిటి? ప్రతి మాటతోపాటూ అర్థం కూడా మీ పెద్దాయనకి చెప్పే పంపిస్తాను. మాట చెప్పిన మనిషిని అర్థం అడగండి, వేరు చూసి ఊహిస్తే దొరకదు, అసలు మనిషైతేనే చెప్పగలడు అని చిలక్కి చెప్పినట్టు చెప్తాను. ఒక్కడూ అడగడు. నలుగురిలో అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని సిగ్గు. మీరెప్పుడైనా అడిగారా?"

అడగలేదు. పన్నెండు మిషన్లలో అతను చేసింది తలూపడమే.

ఆవిడ ఏదో రాసుకోవడానికి బల్ల మీద తడిమి, అలవాటుగా అతని జేబులోని పెన్ను అందుకోబోయింది. అల్లుడు చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కాస్త గట్టిగానే పట్టుకున్నాడు.

ఆవిడ పెన్ను వైపు చూసింది, అతని వైపు చూసింది. ఈ ఆఫీసులో తల నెరిసిన మనిషికి ఆ పెన్ను ఏమిటో తెలియకపోదు. ఆవిడ కళ్ళలో కనిపించింది భయం కాదు, బాధ.

"నాకోసం తెచ్చారా, బాబూ?"

అతని దగ్గర అబద్ధాలు చాలానే ఉంటాయి. ఒక్కటీ వాడలేదు. నిన్న ఫ్రెడోరస్ అన్న మాటకి ఒక మనిషి పోయాడని, ఇవాళ సాయంత్రానికి పంపిన మాట కూడా బయటికి పోయి ఉంటే ఇంకొకరు పోతారని చెప్పాడు. ఆవిడ ఎవరని అడగలేదు. అతనే ఉండబట్టలేక రూలు తప్పాడు.

"మీ అమ్మాయండీ."

ఆవిడ గాభరాగా ఇవాళ్టి మాట రాసుకున్న చీటీ తీసి మళ్ళీ చదువుకుంది. అల్లుడు ఆవిడ మొహంలో ప్రతి గీతా వెతికాడు. ఇది కన్నతల్లి గాభరానా, దొరికిపోయిన మనిషి గాభరానా? అనుమానం అతని ఉద్యోగం. కూతురి పేరు ఎత్తాక కూడా అది వదల్లేదు, అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఇందాక నామీద చేశారే పరీక్ష, అది ఆ రెండు మాటలకీ చేశారా? ఎవరి మీద?" అని అడిగాడు.

ఆవిడ చెప్పింది. ఫ్రెడోరస్‌నీ, ఇవాళ్టి సాంబ్రివల్‌నీ ఒక్కరి మీదే పరీక్షించింది. యాస టీచర్ మీద. విదేశాల్లో పనిచేసే ఏజెంట్ల ఇంగ్లీషు యాస దిద్దడానికి, ఎవరు ఏ చోట ఏ వేషంలో ఉంటారో తెలుసుకుని దానికి తగ్గ మాటతీరు నేర్పడానికి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న మనిషి. పొద్దున్నే ఈ గదికొచ్చి కాఫీ తాగి వెళ్తుంది. ఈ మొత్తం ఆఫీసులో ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చింది ఆమెకే, ఆమె కూడా పట్టుకోలేకపోతే మాటకి తిరుగులేదని అత్తగారి గర్వం. ప్రతిసారీ చక్కగా తలూపేదట. ఒక్కసారి కూడా అంటే ఏమిటని అడగలేదట.

అల్లుడికి యాస టీచర్ బాగానే తెలుసు. మంచి పొడుగు, నవ్వితే సొట్ట, నడిచి వెళ్ళాక కూడా వరండాలో నిలిచే సెంటు. ఆమె 'ఎక్సలెంట్' అన్నప్పుడల్లా పొంగిపోయినవాళ్ళలో అతనూ ఒకడు. భాష రానివాడు సిగ్గుపడి తలూపాడంటే అర్థం ఉంది. అంత వచ్చిన మనిషి, జన్మలో వినని మాట విని, ఎందుకు తలూపాలి?

"ఆవిడ క్లాసు ఇప్పుడెక్కడ?"

"ఇవాళ సెలవు పెట్టింది."

అల్లుడు లేచాడు. అత్తగారు అతని చెయ్యి పట్టుకుంది. "దానికి చిన్నప్పటి నుంచీ ఒక చెడ్డ అలవాటుంది. మీ కాపురంలో పడి అది పోలేదు కదా?" అంది. ఏ అలవాటో ఆవిడ చెప్పలేదు, అతనికి చెప్పక్కర్లేదు. ఆ మాట నమ్ముకుని కూర్చునే ధైర్యం కూడా అతనికి లేదు.

పూల ప్రదర్శన పెద్ద అద్దాల షెడ్డులో జరుగుతోంది. అల్లుడు ప్రెస్ ఫొటోగ్రాఫర్ వేషంలో దూరాడు. మెడలో కెమెరా, కెమెరాలో ఒకే ఒక్క తూటా. నారుమొక్కల వరసలో, తలకి గుడ్డ కట్టుకుని, మట్టి చేతులతో తన భార్య. ఇంట్లో కరివేపాకు మొక్క కూడా బతికించలేని మనిషి, ఇక్కడ జెరేనియం గురించి లెక్చర్ ఇస్తోంది. ఆమె ముందున్న ఎర్ర కుండీలోనే ఫిల్ము ఉంటుందని అతను ఊహించాడు.

దగ్గరికి వెళ్ళడానికి లేదు. పాస్‌వర్డ్ లేకుండా పనికి అడ్డొచ్చినవాడు మొగుడైనా సరే శత్రువే అన్నది డిపార్ట్‌మెంట్ రూలు, రూళ్ళ విషయంలో తన భార్య అచ్చం అత్తగారి కూతురే. అందుకని చుట్టూ ఒక్కొక్కళ్ళనే అనుమానిస్తూ నిలబడ్డాడు. గులాబీలు వాసన చూస్తున్న ముసలాయన. జేబులోంచి చెయ్యి తియ్యని బట్టతల. పూలకేసి ఒక్కసారి కూడా చూడని స్కూలు పంతులమ్మ.

పంతులమ్మ నలిగిన కోటు, లావు కళ్ళజోడు పెట్టుకుంది. కానీ ఆవిడ తనలో తాను ఏదో మాట పలికి చూసుకుంటోంది. పెదాలు అలా గుండ్రంగా తిప్పడం అతనికి నేర్పింది యాస టీచరే.

అతను గుర్తుపట్టేసరికే ఆలస్యమైంది. ఆవిడ జెరేనియం దగ్గరికి చేరి, ఆప్యాయంగా అమ్మాయి మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి లావుపాటి ఉంగరం ఉంది. అరిస్తే సూది దిగుతుంది. కాల్చాలంటే మధ్యలో జనం. అల్లుడు కెమెరా పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"ఈ మొక్కలకి ఈ మూల కాస్త సాంబ్రివల్‌గా ఉంటుంది కదమ్మా?"

యాస అమోఘం. అతని భార్య మొహం విప్పారింది. మట్టి చేతులతో ఎర్ర కుండీ ఎత్తింది. అందించబోయింది. అల్లుడు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ కోరుకోనిది ఆ క్షణాన దేవుడికి దండం పెట్టి కోరుకున్నాడు. అడగవే తల్లీ, అడుగు.

కుండీ గాలిలో ఆగింది.

"సాంబ్రివల్ అంటే?"

యాస టీచర్ నవ్వు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళ సర్వీసులో ఆమెని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. అయినా తెలివైనది, స్పానిష్‌లో నీడ అన్న వేరు క్షణంలో పట్టేసింది.

"అంటే... చీకటిగా, దిగులుగా అని."

"ఓహో," అంది అమ్మాయి, కుండీ అందిస్తూ.

టీచర్ మణికట్టు వదిలి రెండు చేతులా కుండీ అందుకుంది. అమ్మాయి అడుగున మీట నొక్కింది. కుండీ అంచులోంచి ఉక్కు కడియం లేచి టీచర్ కుడి మణికట్టుకి బిగుసుకుంది. ఉంగరమున్న ఎడమ చెయ్యి లేచేలోపు అల్లుడు జనాన్ని తోసుకుని వచ్చి దాన్ని వెనక్కి విరిచి పట్టుకున్నాడు. సూది జెరేనియంలో దిగింది. ఆకులు చూస్తుండగానే వేలాడిపోయాయి.

టీచర్ హ్యాండ్‌బ్యాగులో, నిన్న ఆమె ముఠావాడు ఆ టోపీ మనిషి పట్టుకుపోయిన పెట్టెలోని సగం ఫిల్ము దొరికింది. దేశం దాటేముందు రెండూ కలిపి పట్టుకుపోదామనుకుంది కాబోలు. ఆమెని తీసుకుపోతుంటే అల్లుడు ఆగలేక అడిగాడు, అన్నిసార్లు విన్నావు కదా, ఒక్కసారి అర్థం అడిగి ఉంటే సరిపోయేది కదా అని.

"నేను టీచర్ని," అంది ఆమె తలెత్తి. "నేను అడగడమేమిటి?"

కాసేపటికి అసలు మనిషి, గులాబీల ముసలాయనే, వగరుస్తూ వచ్చి మాట చెప్పాడు. అమ్మాయి 'అంటే?' అంది. సిగ్గుపడకుండా అప్పజెప్పాడు: ఎండలో నడిచేవాడికి తోడొచ్చినవాడి నీడ తగిలినట్టు అని. కుండీ చేతులు మారింది.

దారిలో కారులో అల్లుడు ఆమె చెయ్యి వదల్లేదు. చాలా భయపడ్డానని నోరు తెరిచి చెప్పాడు. ఆమె ఏడ్చింది కూడా, కాస్త. ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కూతుర్ని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, వంటింట్లో కాఫీ ఉందని, పెన్ను మాత్రం బయటే పెట్టి రమ్మని చెప్పి లోపలికి వెళ్ళింది.

భార్య ముక్కు తుడుచుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"పొద్దున అమ్మ దగ్గరికి ఎందుకెళ్ళారు?"

"మామూలుగానే."

"మామూలుగా అంటే?"

దానికి జవాబుగా చెప్పదగిన మాట ఏ భాషలోనూ లేదు. అత్తగారిని బతిమాలి, అర్జంటుగా ఒకటి తయారు చేయించుకోవాలి.