లేని బిడ్డ కోసం ప్రార్థన

తలుపు చప్పుడయింది.

"ఎవరో చూసొస్తా" అని కావలిలోని హామ్ రేడియో ఆపరేటర్ మాల్యాద్రి మైక్ ముందు నుంచి లేచాడు. మద్రాసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అతనితో మాట్లాడుతున్న ఏజెంట్ సురేంద్రబాబుకు గడియ తీసిన శబ్దం, ఒక ఆడగొంతు తియ్యగా "నేనే" అనడం, తర్వాత తుపాకీ మోత వినిపించాయి. ఆ రోజు నుంచి ఎవరు తలుపు తట్టినా అతనికి చెమటలు పట్టేవి.

చీఫ్ బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది.

"చంపింది గోపిక. డబుల్ ఏజెంట్. మన జీతమూ తింది, విదేశీ ముఠా జీతమూ తింది. ఇప్పుడు అనురాధ పేరుతో ఉదయగిరిలో లిదియమ్మ అనే రిటైర్డ్ నర్సుతో హామ్ రేడియోలో కబుర్లాడుతోంది. రేపు మిలిటరీ రాడార్ లారీలు ఆ ఊరి కొండెక్కుతాయి. వాటిని పేల్చే రిమోట్ గోపిక దగ్గరుంది. ఆమె ఎక్కడుందో కనుక్కో."

సురేంద్రబాబు రేడియో మెకానిక్ వేషంలో లిదియమ్మ ఇంట్లో దిగాడు.

"ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఇంటి సంగతులు మాట్లాడకూడదవ్వా."

"తెలియకపోయేదేంది అబ్బయా? మూడు నెల్లుగా మాట్లాడతా ఉండాది. బిడ్డకు జొరమంట. మా చర్చి సంఘమంతా ప్రార్థన చేస్తా ఉండాము."

గోపికకు బిడ్డే లేదని అతనికి తెలుసు. ఆ ముసలావిడ ముఖం చూసి చెప్పలేకపోయాడు.

ఇంతలో రేడియో పలికింది. "అవ్వా, కొండెక్కే లారీలు మీ వీధి దాటినాయా?"

కావలి తలుపు దగ్గర విన్న గొంతే అది. అతను మైక్ లాక్కునేలోపే లిదియమ్మ, "ఇప్పుడే దాటినాయి తల్లీ" అనేసింది. మిలిటరీ వాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఒకరోజు ముందే బయల్దేరారు. సురేంద్రబాబు వాకీటాకీలో అరిచాడు. కొండ చాటు కావడంతో లారీల నుంచి జవాబు లేదు.

అప్పుడు రేడియోలో, గోపిక ఆపని మైక్‌లోంచి, తలుపు చప్పుడయింది.

"అనురాధమ్మా, ఉదయగిరి సంఘం నించి వచ్చినాము. బిడ్డేదమ్మా?"

"మా కామమ్మ!" అంది లిదియమ్మ. "పొద్దున బస్సుకు ఆడోళ్ళను పంపించినా."

"అడ్రస్ ఎలా తెలుసు?"

"అడిగితే చెప్పింది. ఆత్మకూరులో, రైసుమిల్లు పక్కన."

డిపార్ట్‌మెంట్ అంతా మూడు నెలలుగా వెతుకుతోంది. నోరు తెరిచి అడగాలని ఒక్కరికీ తోచలేదు. రేడియోలో పరిచయం రేడియోలోనే ఉంటుందని గోపిక నమ్మకం. జ్వరమంటే బస్సెక్కి వచ్చేస్తారని ఏ ట్రైనింగ్‌లోనూ ఆమెకు చెప్పలేదు.

సురేంద్రబాబు ఫోన్‌లో ఆత్మకూరు పోలీసులను పరిగెత్తించి, తుపాకీ మోత ఎప్పుడు వినిపిస్తుందోనని రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు.

ఆ గదిలో బిడ్డ లేదు, ఉయ్యాల లేదు. బిడ్డ పోయిందని ఆడవాళ్ళు తమకు తోచినట్టే అర్థం చేసుకున్నారు. ఒక్కసారిగా ఏడుపులు.

"అయ్యో తల్లీ! ఒక్కదానివే మట్టి చేసుకున్నావా! చేతులియ్యి, ప్రార్థన చేస్తాము."

గోపిక రెండు చేతులూ పట్టుకున్నారు. పుట్టని బిడ్డ ఆత్మశాంతికి కామమ్మ ప్రార్థన సాగుతూనే ఉంది. మధ్యలో ఇంకో ఏడుపు కలిసింది. అది గోపికది. నటనో నిజమో సురేంద్రబాబుకు తెలియలేదు. ఆమేన్ వినపడకముందే పోలీసు బూట్లు వినిపించాయి. రిమోట్ ఆమెకు జానెడు దూరంలో బల్లమీదే ఉందట.

"ఎందుకబ్బయా అట్ట వణకతా ఉండావు?" అంది లిదియమ్మ.

సురేంద్రబాబు జీవితంలో మొదటిసారి ఒక కొత్త మనిషికి అంతా చెప్పుకున్నాడు. మాల్యాద్రి సంగతీ, తన అసలు పేరూ.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! నువ్వెవరో అక్కడెవరికీ తెలియదుగా?"

"ఆదివారం దాకా తెలియదు సార్. ఆ రోజు చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేస్తారట."