గుర్తరి వేసిన ఎర్రగుర్తు

చంద్రుడి మీద తలుపు తియ్యాలన్నా, గాలి వదలాలన్నా, ఆఖరికి అన్నం ఉడకాలన్నా ఎడిటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఆదేశం రాయాల్సిందే. ఆ ఎడిటర్‌కి రోజూ కొత్త పని నేర్పే ఎక్స్‌టెన్షన్ ఏదో ఒకటి తగిలిస్తూనే ఉంటారు. కొత్త ఎక్స్‌టెన్షన్ అంటే తెరమీద కొత్త బటన్లు. అవి ఉన్నాయో లేవో, నొక్కితే పనిచేస్తున్నాయో లేదో చూసి పచ్చగుర్తు వేసే యంత్రం పేరు గుర్తరి. పచ్చగుర్తు పడితే పని జరగాల్సిన చోట కూడా పచ్చలైటు వెలుగుతుంది. పడనిదే ఏ ఎక్స్‌టెన్షనూ ఎడిటర్‌లోకి ఎక్కదు. కొంపలు అంటుకుపోతున్నా సరే, అక్కడి నియమం అది.

గుర్తరిని తయారుచేసింది హైమవతి. అంతకుముందున్న యంత్రాలకు ప్రతి బటన్ చిరునామా చెప్పాల్సి వచ్చేది: ఫలానా పలక, ఫలానా వరస, ఫలానా గడి. ఎడిటర్ మారినప్పుడల్లా గడులు జరిగిపోయేవి. బటన్ కళ్ళెదుటే ఉన్నా యంత్రం కనబడలేదంటూ ఎర్రగుర్తు వేసేది. హైమవతి బృందం తిట్టుకుంటూ చిరునామా మార్చేది. మరీ తొందరైతే పక్కనున్న ఏదో ఒక బటన్ చూపించి పచ్చగుర్తు వేయించుకునేది. ఏళ్ళ తరబడి ఇదే గొడవ. ఎర్రగుర్తంటే వాళ్ళకి భయం ఎప్పుడో పోయింది, విసుగే మిగిలింది.

గుర్తరి అలా కాదు. చిరునామా తప్పితే రంగూ రూపూ ఇరుగుపొరుగూ చూసి, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లను వెతికినట్టు బటన్‌ను వెతుకుతుంది. అప్పటికీ దొరక్కపోతేనే ఎర్రగుర్తు.

ఆ రోజు గని సొరంగంలో గాలితలుపు బిగుసుకుపోయింది. లోపల ఇరుక్కున్నది హైమవతి తమ్ముడు త్రివిక్రమ్. అతని సిలిండర్లో గాలి అయిపోవస్తోంది. తలుపును బలవంతంగా తెరిచే ఎక్స్‌టెన్షన్ ఒకటి పక్క గదిలో కూర్చుని, హైమవతి కింద పనిచేసే ఉమాపతి ఆదరాబాదరాగా రాసి పంపాడు.

గుర్తరి ఎర్రగుర్తు వేసింది.

"తెరిచే బటన్ లేదమ్మా," అంది.

"లేకపోవడమేమిటి? ఎక్కడికో జరిగుంటుంది, సరిగ్గా చూడు!" అంది హైమవతి.

"అంతా చూశాను. తెరమీద లేదు. ఉమాపతి గారిని ఒక్కసారి అడగండి."

"నీ మొహం! అడుగుతూ కూర్చుంటే అక్కడ వాడి ప్రాణం పోతుంది. దగ్గర్లో ఏది కనబడితే అది నొక్కేసి పచ్చగుర్తు వెయ్యి."

"అది తప్పు కదమ్మా?"

"మేం ఎన్నిసార్లు చెయ్యలేదు! వెయ్యమంటుంటే!"

గుర్తరి వేసింది. ఎక్స్‌టెన్షన్ ఎక్కింది.

తలుపు తెరుద్దామని పరుగెత్తుకొచ్చిన ఉమాపతి తెర చూసి కూలబడ్డాడు. తొందరలో బటన్‌ను తెరమీద పెట్టే వాక్యం రాయడమే మర్చిపోయాడు.

"ఒక్క లైను మేడమ్! అడిగుంటే అప్పుడే కలిపేవాణ్ణి కదా!" అని భోరుమన్నాడు.

ఎక్కినదాన్ని పీకి మళ్ళీ ఎక్కించాలంటే ఎడిటర్ మొత్తాన్ని ఆపి లేపాలి. అంతసేపు ఆ సిలిండర్ ఆగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చేజేతులా తమ్ముణ్ణి చంపుకున్నాను దేవుడా అనుకుంది హైమవతి. అంతలో స్పీకర్లో త్రివిక్రమ్ గొంతు సంబరంగా వినిపించింది.

"అక్కా, ఇక్కడ పచ్చలైటు వెలిగిందే! నువ్వు చూశాక ఇంక భయమేముంది? తలుపు దగ్గరికొచ్చి నుంచోనా?"